మూడు మీటర్ల గొంతు

...కానీ రేజరు ఎందుకు ఆగింది?

శనివారం మధ్యాహ్నం పన్నెండూ పదికి మంగలి కుర్చీలో తల వెనక్కి వాల్చి, గడ్డం నిండా నురగతో, కళ్ళు మూసుకుని రేడియోలో పాట వింటున్నప్పుడు కంఠం మీదికి వచ్చిన రేజరు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది. మంగలి ఏమీ అనలేదు. తనూ అడగలేదు. పాట సాగిపోయింది. అప్పట్నుంచీ రెండు రోజులుగా ఆ ఒక్క క్షణం పళ్ళ సందున ఇరుక్కున్న పీచులా ఇన్‌స్పెక్టర్ ఎవరిస్తో బరేరాస్‌ని వేధిస్తూనే ఉంది. నాలుక మాటిమాటికీ అక్కడికే పోయినట్టు మనసు అక్కడికే పోతోంది.

ఆ క్షణానికి కాస్త అటూ ఇటూగా, అక్కడికి నాలుగు వీధుల అవతల, ఇప్పుడు తనున్న ఈ గదిలో, ఈ కుర్చీలో, రుఫీనో అల్మేదా మెడకి మైకు తీగ బిగుసుకుంది.

రుఫీనోకి అరవై ఆరేళ్ళు. హవానాలోని డాన్సు బ్యాండ్లలో సగానికి తొలి రికార్డులు తీసినవాడు. ఒంటరివాడు. శనివారం పన్నెండుకీ పన్నెండూ నలభైకీ మధ్య ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. గోడ మీద క్యాలెండర్లో ఆ రోజు గడిలో పెన్సిలుతో రాసి ఉంది: "12.15. ఫొంచో వస్తాడు."

ఫొంచో అంటే ఇదెల్ఫోన్సో ఉర్రూతియా. పంతొమ్మిదేళ్ళుగా ఈ ఊరు ఎవరి పాటకి ఆడుతోందో ఆ మనిషి. అతణ్ణి ప్రశ్నించాల్సిన అవసరమే రాలేదు. ఆ అరగంటా అతను రేడియోలో పాడుతున్నాడు. దానికి సాక్షి ఎవరు? బరేరాసే. శనివారం సాయంత్రం లెఫ్టినెంట్ ఫొర్నారిస్ కాగితం ముందు పెట్టగానే సంతోషంగా రాసిచ్చాడు: "నేను స్వయంగా విన్నాను. ఆ గొంతును నేను పొరబడను." సంతకం చేస్తున్నప్పుడు చేతికి ఎందుకంత హాయిగా అనిపించిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది. ఆదివారం ఆదివారం ఒంటరిగా వినే రికార్డు తాలూకు మనిషికి తనూ ఒక మేలు చేయగలిగానన్న హాయి అది.

అలా ఒక మనిషి పక్కకి తప్పుకోగానే రెండో మనిషి మిగిలాడు. కసియానో మంతీయా. ఫొంచో వెనక నిలబడి మరకాస్ గిలక్కాయలు ఆడించే ముసలి నల్లవాడు. పన్నెండూ అయిదుకి ఈ ఇంట్లోకి వెళ్ళడం ఎవరో చూశారు. ఫొర్నారిస్ వాణ్ణి పట్టుకెళ్ళాడు. ఇవాళ సోమవారం. సాయంత్రం ఆరింటికల్లా నేరం ఒప్పుకున్న కాగితం జడ్జి చేతిలో ఉంటుందని ఆఫీసంతా చాటాడు.

బరేరాస్ డిస్కుల అలమర ముందు గొంతుక్కూర్చున్నాడు. వందల కొద్దీ కాగితపు కవర్లు, ఏళ్ళ వారీగా, నిలబెట్టి ఉన్నాయి. వేలితో ఒక్కొక్కటే తడుముతూ పోయాడు. అయిదు చోట్ల వేలికి ఖాళీ తగిలింది. కవర్లున్నాయి, లోపల డిస్కుల్లేవు. నాలుగు 1937వి. ఒకటి పోయిన నెలది.

ఫొర్నారిస్ మనుషులు దీన్ని చూడలేదు. చూసినా కాగితమేగా అనుకుని ఉంటారు. డిస్కులు పట్టుకుపోయినవాడూ అదే అనుకున్నాడు. పాట డిస్కులో ఉంటుంది, కవర్లో ఏముంటుంది?

కవర్లో రుఫీనో పెన్సిలు రాత ఉంది. పాత రోజుల్లో గది మొత్తానికి ఒకటే మైకు. పాట అయ్యాక సరిదిద్దుకోవడం అనేదే లేదు. ఎవరి గొంతు ఎంత పెద్దదో చూసి, మైకుకి ఎంత దూరంలో నిలబడాలో నేల మీద సుద్దగీత గీసేవాళ్ళు. చిన్న గొంతు దగ్గర, పెద్ద గొంతు దూరం. రుఫీనో ఆ దూరాలన్నీ కవర్ల మీద రాసుకున్నాడు.

మొదటి కవరు. "వాన వెలిసాక రా." ఫొంచోకి పేరు తెచ్చిన పాట. బరేరాస్ ఇంట్లో ఉన్నదీ అదే. లేబుల్ మీద బంగారు రంగు అక్షరాల్లో 'గానం: ఇదెల్ఫోన్సో ఉర్రూతియా' అని ఉంటుంది. కవరు మీద ఇలా ఉంది: "కసియానో, మూడు మీటర్లు, క్లావే. ఫొంచో, అర మీటరు, మరకాస్. నోరు మూసుకుని ఉండాలి."

బరేరాస్ రెండుసార్లు చదివాడు. బ్యాండులో ముందు గొంతు ఎవరిదో వాడి చేతిలోనే క్లావే కర్రలుంటాయి. తాళం ఆ రెండు కర్రలదే. మరకాస్ గలగలలు వెనక గొంతుకి. ఇది చిన్నపిల్లలక్కూడా తెలుసు. మిగతా మూడు కవర్లూ అదే మాట చెప్పాయి. అయిదోది: "1956 ఫిబ్రవరి 9. రేడియో కోసం, అరగంట. కసియానో, మూడు మీటర్లు. ఫొంచో రాలేదు."

అయిదు కవర్లనీ తీసి పక్కన పెట్టుకున్నాడు.

"కాఫీ తాగండి బాబూ." గుమ్మంలో పక్కింటి చెలా, చేతిలో రేకు గ్లాసు. యాభై దాటిన లావుపాటి మనిషి. "పాస్తోరా చేతి కాఫీలా ఉండదు. ఏం చేస్తాం, ఆవిడ పోయాక మా సందుకి ఈ కషాయమే గతి."

"పాస్తోరా ఎవరు?"

"అదేంటి, ఎవర్ని పట్టుకెళ్ళారో వాడి పెళ్ళాం పేరు కూడా తెలీదా మీకు? కసియానో భార్య. ఈ మూల మీద కాఫీ అమ్మేది. ఫిబ్రవరి ఇరవై రెండున పోయింది పాపం."

"శనివారం కసియానో లోపలికెళ్ళడం చూసింది నువ్వేనా?"

"వెళ్ళడమూ చూశాను, రావడమూ చూశాను. మీ కుర్ర లెఫ్టినెంటుకి వెళ్ళడం ఒక్కటే కావాలిట. పన్నెండూ అయిదుకి వెళ్ళాడు. అయిదారు నిమిషాలకల్లా బయట పడ్డాడు. అదిగో, ఆ అరుగు మీద కూలబడి రెండు చేతుల్తో చెవులు మూసుకుని ఏడ్చాడు. తర్వాత లేచి సముద్రం వైపు వెళ్ళిపోయాడు. రుఫీనో గుమ్మందాకా వచ్చి వాణ్ణి పిలిచాడు కూడా. నేను అన్నం మాడుతోందని లోపలికెళ్ళాను."

"కసియానో వెళ్ళాక రుఫీనో బతికే ఉన్నాడా?"

"చచ్చినవాడు పిలుస్తాడా నాయనా?"

"ఏడవడమెందుకు?"

చెలా అతని వంక జాలిగా చూసింది. "ఎందుకేంటి? అన్ని కిటికీల్లోంచీ రేడియో మోగుతోంది. ఫొంచో పాడుతూ పాడుతూ పేర్లు పిలుస్తాడు కదా. ఇంట్లో కూచుని వినేవాళ్ళనీ, ఎదురుగా ఆడేవాళ్ళనీ. శనివారం పాస్తోరాని పిలిచాడు. 'పాస్తోరా, నే వచ్చేదాకా కాఫీ చల్లారనివ్వకు' అని. మొగుడి చెవిన పడితే ఏడవడా?"

"పోయినవాళ్ళని కూడా తలుచుకుంటారుగా పాటలో."

"ఆ పద్ధతి వేరు. 'నువ్వెక్కడున్నా ఈ చుక్క నీకే' అని రమ్ము నేల మీద వొలకబోస్తారు. చచ్చిపోయిన మనిషిని కాఫీ వేడిగా ఉంచమని అడిగే వెధవ ఉంటాడా ఎక్కడైనా? ఆ మంగలాయనా అదే అన్నాడు నాతో. చేతిలో కత్తి ఆగిపోయిందిట. ఆయన రోజూ పొద్దున ఆవిడ దగ్గరే తాగేవాడు."

బరేరాస్ గ్లాసు అలమర మీద పెట్టాడు. పీచు ఊడి వచ్చింది. దాంతోపాటు పన్ను కూడా.

శనివారం రేడియోలో పాడింది మనిషి కాదు. పాస్తోరా బతికుండగా, ఫిబ్రవరి తొమ్మిదిన రికార్డు చేసిన డిస్కు. మంగలి విన్నాడు. చెలా విన్నది. సందంతా విన్నది. ఆ గొంతును పొరబడనని రాసిచ్చిన చెవి ఒక్కటే వినలేదు.

*

సాయంత్రం నాలుగింటికి ఫొంచో వెదాదో పేటలోని తన ఇంటి మేడ మీద, మెడకి పట్టు రుమాలు చుట్టుకుని, తేనె కలిపిన నిమ్మరసం తాగుతున్నాడు. నలభై ఎనిమిదేళ్ళు, పాలమీగడ రంగు, జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. లేచి వచ్చి రెండు చేతులా కౌగలించుకున్నాడు.

"నా సాక్షి వచ్చాడు! కూర్చోండి ఇన్‌స్పెక్టరు గారూ. మీకు రమ్ము పోయనా?"

వద్దనాలి. "పోయండి" అన్నాడు బరేరాస్.

"శనివారం పన్నెండుంబావుకి మీరు రుఫీనో దగ్గరికి వెళ్ళాల్సి ఉంది కదా."

"వెళ్ళలేనని శుక్రవారమే కబురు పెట్టాను. పాడుతున్నాను కదా. మీరే విన్నారు."

"రుఫీనో మీ పాత డిస్కుల్ని ఏం చేద్దామనుకున్నాడు?"

"అమెరికా కంపెనీ వాళ్ళు కొత్తగా పెద్ద రికార్డు వేస్తారట. 'తొలినాళ్ళ ఫొంచో' అని." గ్లాసు ఎత్తి చూసుకున్నాడు. "ముసలాడు అట్ట మీద ఏవేవో రాయించాలని మొండికేశాడు. చాదస్తం."

"ఎవరి పేరో రాయించాలన్నాడా?"

ఫొంచో చిరునవ్వు చెరగలేదు. "పేర్లదేముంది? బ్యాండులో తొమ్మిది మందిమి. పిట్ట కూస్తుంది, పంజరం అమ్ముడుపోతుంది. కొనేవాడు కూత చూసి కొన్నాననుకుంటాడు."

"మీరు మైకుకి ఎంత దూరంలో నిలబడతారు?"

మొదటిసారి ఆ కళ్ళు ఆగాయి. రేజరు ఆగినట్టే ఆగాయి.

"అదేం ప్రశ్న?"

"ఊరికే. అభిమానిని."

"మీటరో, రెండో. ఇంజనీరు ఎక్కడ నిలబెడితే అక్కడ."

"'వాన వెలిసాక రా' ఒక్క చరణం పాడతారా? పంతొమ్మిదేళ్ళ నుంచీ ఆశ."

"డాక్టరు వద్దన్నాడు." రుమాలు సవరించుకున్నాడు. "చూడండి, మీ మనసులో ఏదో మెదులుతోంది. మీ సంతకం నేను చూశాను. ఎంత అందమైన మాట! 'ఆ గొంతును నేను పొరబడను.' ఆ మాట మీరు వెనక్కి తీసుకోరు. మీలాంటి మనిషికి ఇంకేం ఉంది? పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. ఒక చెవి ఉంది."

ఎంత సరిగ్గా కొట్టాడు! బరేరాస్‌కి కోపం రాలేదు, అదే ఆశ్చర్యం. నన్ను ఇంత బాగా తెలుసుకున్నాడే అని లోపల ఎక్కడో పెంపుడు కుక్కలాంటిదొకటి తోక ఊపింది. దాన్ని చూసి అసహ్యం వేసింది. అయినా లేవలేదు. గ్లాసు ఖాళీ అయింది, మళ్ళీ నిండింది. వల బిగించేముందు చేపని కాసేపు ఆడనివ్వాలని తనకి తాను చెప్పుకున్నాడు. నిజానికి ఆడుతున్నది చేపో, వేటగాడో.

గోడ గడియారం నాలుగున్నర కొట్టింది.

"కసియానో గురించి మీకు బెంగ లేదా?" అడిగాడు.

"లేకేం! ఇరవై ఏళ్ళు నా వెనక నిలబడ్డవాడు." ఫొంచో నిట్టూర్చాడు. "ఇవాళ పొద్దున్నే లెఫ్టినెంట్ ఫొర్నారిస్‌కి ఫోన్ చేశాను. ఏం చేసినా చెయ్యండి గానీ, వాడి గొంతు మాత్రం జాగ్రత్త బాబూ అన్నాను. వాడికున్నది అదొక్కటే అని చెప్పాను."

మంచి మాటే అనుకున్నాడు బరేరాస్. వీధిలోకి వచ్చి, కారు తలుపు మీద చెయ్యి వేశాక ఆ మాట వెనక్కి తిరిగి అతని మొహంలోకి చూసింది. వెనక నిలబడి మరకాస్ ఊపేవాడికి గొంతు ఒక్కటే ఉండడమేమిటి? ఎక్కడ కొడితే పోతుందో ఇంతకంటే వివరంగా ఎవరు చెప్పగలరు?

కారు ఎలా నడిపాడో గుర్తులేదు.

*

ఫొర్నారిస్ బల్ల మీద కాళ్ళు చాపుకుని నారింజ తొక్క తీస్తున్నాడు. తొక్క ఎక్కడా తెగకుండా చాకు చుట్టూ పాములా వేలాడుతోంది. ముప్పై అయిదేళ్ళవాడు, ఇస్త్రీ మడత నలగనివాడు.

"రండి పెద్దాయనా. రమ్ము వాసన. పార్టీ ఎక్కడ?"

"కసియానో ఎలా ఉన్నాడు?"

"నిశ్శబ్దంగా. పొద్దుట్నుంచీ ఒకటే అరుపు, నేను కాదు నేను కాదని. అరిచేవాడు ఒప్పుకోడు గురూ. మావాడు నోరు మూయించాడు."

"ఎప్పుడు?"

"నాలుగున్నరకి అనుకుంటా."

గోడ గడియారం గంట అతని చెవిలో మళ్ళీ మోగింది.

బరేరాస్ కవర్లు బల్ల మీద పరిచాడు. వరసగా చెప్పాడు. కసియానో వెళ్ళాక రుఫీనో బతికే ఉన్నాడు. శనివారం మోగింది ఫిబ్రవరి తొమ్మిది నాటి డిస్కు. అందులో పిలిచిన పాస్తోరా ఇరవై రెండున చచ్చిపోయింది. రేడియో స్టేషను వాళ్ళు ఆ కార్యక్రమానికి డబ్బు పెట్టే సబ్బు కంపెనీకి భయపడి ఫొంచో స్వయంగా పాడాడనే బొంకుతారు, కానీ కవరు బొంకదు. ఆ గొంతు ఫొంచోది కాదు. ఎప్పుడూ కాదు.

ఫొర్నారిస్ ఒక తొన నోట్లో వేసుకున్నాడు. "బాగుంది. కోర్టులో ఈ కాగితం కవర్లు పాడతాయా?"

"కసియానో పాడతాడు. జడ్జి ముందు ఒక్క చరణం చాలు."

"ఓహో." ఫొర్నారిస్ కాళ్ళు కిందికి దించాడు. మొహంలో నిజమైన కుతూహలం. "అయితే పాడించండి. లోపలే ఉన్నాడు."

కసియానో బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళ పెద్ద దేహం, తెల్లబడ్డ జుట్టు. చొక్కా గుండీ తీసి ఉంది. గడ్డం కింద కంఠం ఒకవైపుకి ఒరిగి, పండిన వంకాయలా ఉబ్బింది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా పగిలిన పిల్లనగ్రోవి చప్పుడు. గోడకానుకున్న పోలీసు డాక్టరు బ్యాగు సర్దుకుంటూ, "బతుకుతాడు. మాట రాదు" అన్నాడు. బస్సు రాదు అన్నట్టు చెప్పి వెళ్ళిపోయాడు.

బరేరాస్ ఎదురుగా కూర్చున్నాడు.  

"కసియానో, శనివారం రేడియోలో విన్నది... నువ్వు పాడిందేనా?"

ముసలివాడు కళ్ళెత్తాడు. ఆ కళ్ళలో కోపం లేదు. ఇంత ఆలస్యంగా వచ్చినవాడి మీద కోపం ఎందుకు దండగ అన్నట్టుంది. కుడిచేతి వేళ్ళు బల్ల చెక్క మీదికి వచ్చాయి. మూడు దెబ్బలు. ఖాళీ. రెండు దెబ్బలు. మళ్ళీ మూడు. క్లావే.

పెదవులు కదిలాయి. శబ్దం లేదు, ఈల లాంటి ఊపిరి తప్ప. కానీ బరేరాస్‌కి ఆ పాట పంతొమ్మిదేళ్ళుగా నోటికొచ్చు. పెదవులు చూస్తే చాలు. మాట తాళానికి ముందు పడదు, సరిగ్గా దాని మీదా పడదు. వెంట్రుకవాసి వెనకపడి, అందుకుంటుంది. ఆదివారాలు ఎదురుచూసింది ఆ వెంట్రుకవాసి కోసమే. ఇంకెవరికీ రానిది. ఇప్పుడు గొంతు లేకపోయినా అది అక్కడే ఉంది, ఆ పగిలిన పెదవుల దగ్గర.

పేర్లు పిలిచే చోటు వచ్చింది. వేళ్ళు తాళం వేస్తూనే ఉన్నాయి. పెదవులు కలుసుకుని విడిపోయాయి. పాస్తోరా. తర్వాతి మాట కోసం నోరు తెరుచుకుని, అలాగే ఉండిపోయింది. వేళ్ళు మాత్రం ఆగలేదు.

"మీరే" అన్నాడు బరేరాస్. నువ్వు అన్న నోరు ఎప్పుడు మారిందో అతనికే తెలియలేదు. "మీరే."

గుమ్మంలో ఫొర్నారిస్ చేతులు తుడుచుకుంటున్నాడు. "పాడాడా?"

"ఫొంచో నీకు పొద్దున ఫోన్ చేశాడు."

"చేశాడు. దయగలవాడు." తడుముకోకుండా అన్నాడు. "పెద్దాయనా, నన్ను అలా చూడకండి. శనివారం నా దగ్గర ఇద్దరు అనుమానితులున్నారు. ఒకడికి మీరు రక్ష రేకు కట్టారు. మిగిలినవాడి మీద చెయ్యి వేశాం. మీ సంతకం లేకపోతే ఈ ముసలాణ్ణి ముట్టుకునేవాళ్ళమా?"

 

ఫొర్నారిస్ ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పైన ఒప్పుకోలు కాగితం. అడుగున సంతకం బదులు బొటనవేలి ముద్ర. దాని కింద బరేరాస్ వాంగ్మూలం. "అయిదూ నలభై. ఆరింటికి జడ్జి మనిషి వస్తాడు, ఫైలు తీసుకుపోతాడు. మీరు తప్పు విన్నానని రాస్తారా, రాయండి. దొంగ సాక్ష్యం కింద ముందు మిమ్మల్నే లోపలేస్తారు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగం. ఫొంచో వెనక ఎవరెవరున్నారో నాకే పూర్తిగా తెలీదు. మీ కంఠం కూడా ఇలాగే ఉంటుంది. ఎవరి కోసం? వాడు బయటికొచ్చినా ఇంక పాడేది లేదు కదా."

అన్నీ నిజమే. ఒక్క అక్షరం తప్పు లేదు. బరేరాస్ తన వాంగ్మూలం వంక చూశాడు. అందమైన దస్తూరీ. గర్వంగా వంపులు తిరిగిన అక్షరాలు. 'శనివారం పన్నెండు గంటల కార్యక్రమంలో ఇదెల్ఫోన్సో ఉర్రూతియా పాడగా నేను స్వయంగా విన్నాను.' బంగారు రంగు లేబుల్ మీద ఉన్న పేరే. ఈ పేరు కింద ఈ గొంతును పాతిపెట్టినవాళ్ళ వరసలో తనే ఆఖరివాడు.

బల్ల చెక్క మీద వేళ్ళు ఇంకా వేస్తున్నాయి. మూడు. రెండు.

గడియారం అయిదూ యాభై రెండు చూపిస్తోంది. బరేరాస్ జేబులోంచి కలం తీసి, మూత విప్పి, ఇదెల్ఫోన్సో ఉర్రూతియా అన్న పేరు మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ పైన ఖాళీలో చిన్న అక్షరాలతో రాశాడు: కసియానో మంతీయా. డిస్కు మీద.